చర్చి పుస్తకములలో మన పూర్వుల పేళ్లు



శ్రాద్ధకాలమున మనము పితృ, పితామహ, ప్రపితామహులను పేర్కొందుము. నాలుగవ తరమువాని పేరడిగినచో మనలోఁ బెక్కురు మౌనము వహింతురు. కొన్ని కులములకు వంశావళిని వల్లించు ఆశ్రితులుండిరి; మాదిగలకు డక్కలివారట్టివారు. కూటికై ఊరు విడిచి గనులకు వచ్చినవారికి ఆ యాధారమును తప్పినది. రామగుండమున 1961లో బొగ్గు త్రవ్వకము మొదలయిన పిమ్మట, ఇల్లందు మొదలగు పాత గనులనుండియు, నానా జిల్లాలనుండియు కుటుంబములు గోదావరిఖని చేరినవి. "మా తాత యే యూరివాఁడు?" అని వారి మనుమలు నేఁడడుగుచున్నారు. వారిలోఁ గ్రైస్తవులైన వారికి ఒక మార్గము కలదు. అది పాత ప్రొటెస్టెంటు సంఘముల పుస్తకము.

ముందుగా తాత యే సంఘమువాఁడో తెలియవలయును. కరీంనగరము, మెదకు వైపు వెస్లియను మిషనువారు పనిచేసిరి. దోర్నకల్లు, ఇల్లందు ప్రాంతము ఆంగ్లికనులది. అజరయ్యగారు 1912లో అచట బిషప్పయిరి. హనుమకొండ, నల్లగొండలలో బాప్తిస్టులుండిరి. మొదటి రెండును 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘమునఁ గలిసినవి; బాప్తిస్టులు వేఱుగనే నిలిచిరి. కరీంనగర అధ్యక్ష మండలము 1978లో నేర్పడినది. కావున స్థానిక పాదిరిగారి యొద్ద దొరకనిచో కరీంనగరమునను, పిదప దోర్నకల్లు, మెదకులలోను విచారింపవలయును. వెస్లియను దొరల లేఖలు లండనులోని ప్రాచ్య విద్యాలయమున భద్రముగా నున్నవి.

బాప్తిస్మపు పుస్తకమున సాధారణముగా తేది, పేరు, తల్లిదండ్రుల పేళ్లు, ఊరు, వృత్తి, పాదిరి సంతకము నుండును. వివాహములకును, సమాధులకును వేఱు పుస్తకములు కలవు. చదువునపుడు కొన్ని జాగ్రత్తలు వలయును. బాప్తిస్మపు తేది జన్మదినము కాదు. పెద్దల వయస్సు తఱచుగా ఉజ్జాయింపే. మల్లయ్య యోహానై యుండవచ్చును. ఇంటిపేరు పలుచోట్ల నుండదు. ఇంగ్లీషు లిపిలో వ్రాసిన ఊరిపేరు కంటికిఁ జిక్కదు. బిగ్గరగా చదివినచో చెవికిఁ జిక్కును. బాప్తిస్టులు శిశువులకు బాప్తిస్మమీయరు గనుక, వారి పుస్తకమున పసిబిడ్డలను వెదకుట వ్యర్థము.

దొరకిన పేరును 1954–55 నాఁటి ఖాస్రా పహాణీతో సరిచూడవలయును. అంతకు పూర్వపు సర్కారు కాగితములలో ఫసలీ సంవత్సరముండును. దానికి 590 కలిపినచో రమారమి క్రీస్తుశకము వచ్చును.

ఈ పుస్తకములు తెఱచుటకుఁ గొందఱు జంకుదురు. ఆ జంకు అకారణము కాదు. 1950 నాఁటి రాష్ట్రపతి యుత్తర్వుచే క్రైస్తవులకు షెడ్యూల్డు కులముల హోదా లేదు. అట్టివారు మన రాష్ట్రమున వెనుకఁబడిన తరగతుల 'సి' విభాగమునఁ జేరుదురు. ఒక పాత పద్దు ఒక బాలుని చదువునకో, కొలువునకో అడ్డు రావచ్చును. కాఁబట్టి ఎవరి వంశమును వారే వెదకుకొనవలయును. పరుల పద్దును బయటఁబెట్టుట పాండిత్యము గాదు, ద్రోహము.

ఉపరితల గనులకై మన ప్రాంతమునఁ గొన్ని యూళ్లు లేచిపోయినవి. కాగితమును చెదలు తినుచున్నది. పెద్దలారా! పాదిరిగారి యనుమతితో ఆ పుటలకు నకళ్లు తీయింపుఁడు, పుస్తకమును కదల్పకుఁడు. మీకుఁ దెలిసిన పేళ్లను నేఁడే మనుమలచే వ్రాయింపుఁడు. పేరు తెలిసిన పూర్వుఁడు మన యింట నున్నవాఁడే.