మస్జిద్ గోడ మీది వేళల పట్టిక

 

  

మన మస్జిద్‌లో వజూఖానా నుంచి లోపలికి వచ్చే ద్వారం పక్కన నమాజు వేళల పట్టిక ఒకటి వేలాడుతూ ఉంటుంది. ముప్పై ఏళ్లుగా మేము దానిని చూసే అజాన్ ఇప్పిస్తున్నాము. గత నెలలో మన మక్తబ్‌కు వచ్చే ఒక బాలిక, తొమ్మిదో తరగతి విద్యార్థిని, ఆ పట్టిక ముందు చాలాసేపు నిలబడి మమ్మల్ని ఇలా అడిగింది: "హజ్రత్, ఎండాకాలం పగలు పెద్దది, చలికాలం పగలు చిన్నది. కాబట్టి ఫజ్ర్, మగ్రిబ్ వేళలు మారుతాయి. అది అర్థమైంది. కానీ మిట్టమధ్యాహ్నం ఎందుకు మారాలి? నవంబరు మొదట్లో జవాల్ 11:57కే రాసి ఉంది. ఫిబ్రవరిలో 12:27కు పోయింది. సూర్యుడికి అరగంట తేడా ఎక్కడ వచ్చింది?"

మాకు సమాధానం తెలియలేదు. "బేటీ, పెద్దలు లెక్కకట్టి రాసిన పట్టిక అది" అని చెప్పి పంపించాము. ఆ జవాబు ఆమెకు చాలలేదని ఆమె ముఖంలోనే కనిపించింది.

సోదరులారా! మా పరిస్థితిని దాచుకోకుండా మీ ముందు ఉంచుతున్నాము. మేము చదివినది దర్సె నిజామీ. 18వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ రూపుదిద్దిన ఆ పాఠ్యక్రమంలో హైఅత్, అనగా ఖగోళ శాస్త్రం, ఒక పాఠ్యాంశంగా స్థానం పొందింది. 'తశ్రీహుల్ అఫ్లాక్' అనే చిన్న గ్రంథాన్ని మేమూ చదివాము. అయితే ఎలా చదివాము? బట్టీ పట్టి చదివాము. రాత్రివేళ డాబా మీదికి తీసుకుపోయి ఇదిగో ఈ నక్షత్రం, ఇదిగో దీని గమనం అని చూపినవారు లేరు. ఆకాశాన్ని గురించిన గ్రంథాన్ని తల వంచుకుని చదివి ముగించాము.

మరునాడు మన వీధిలోనే ఉండే ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల వారి ఇంటికి వెళ్లాము. ఆయన హిందూ సోదరులు. ప్రశ్న విని ఎంతో సంబరపడ్డారు. భూమి సూర్యుని చుట్టూ తిరిగే దారి ఖచ్చితమైన వృత్తం కాదట. జనవరిలో సూర్యునికి దగ్గరగా ఉండి వేగంగా, జూలైలో దూరంగా ఉండి నెమ్మదిగా సాగుతుందట. దానికి తోడు భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వాలి ఉంది. ఈ రెండు కారణాలూ కలిసినప్పుడు నిజమైన మధ్యాహ్నానికీ మన చేతి గడియారానికీ పొత్తు కుదరదు. ఏడాదిలో ఒక కొస నుంచి మరో కొసకు అరగంట తేడా వస్తుంది. కాఫీ గ్లాసును సూర్యునిగా, నిమ్మకాయను భూమిగా పెట్టి ఆయన మాకు ఇది బోధించారు. యాభై దాటిన వయసులో, ఆ బల్ల ముందు, మేము మళ్లీ విద్యార్థులమయ్యాము.

ఆ బాలికను పిలిచి చెప్పాము. అప్పుడు తెలిసిన సంగతి ఏమిటంటే, ఇదే ప్రశ్నను ఆమె బడిలో కూడా అడిగింది. "అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నారట. ఆ బడిలో ప్రయోగశాల అంటే తాళం వేసిన ఒక బీరువా. మరి మేము చెప్పినదీ, బడిలో చెప్పినదీ వేరువేరు జవాబులా? కావు. ఇద్దరమూ కూర్చోమనే చెప్పాము.

ఆమె తండ్రి ఆటో నడుపుతారు. వారితోనూ మాట్లాడాము. "హజ్రత్, బిడ్డ మంచిగనే చదువుతది. కానీ సైన్సు గ్రూపున్న కాలేజీకి రెండు బస్సులు మారాలె. డాక్టరు సీటు మా అసోంటోళ్లకు వస్తదా? రాని దానికి సైన్సు ఎందుకు?" అన్నారు. ఆ మాటలో నిర్లక్ష్యం లేదు. బిడ్డ మీద ప్రేమ ఉంది, బస్సు భయం ఉంది, లెక్క ఉంది. ఆ లెక్కను ఆయనకు నేర్పినది మనమే. మన రెండు తెలుగు రాష్ట్రాలలో విజ్ఞాన శాస్త్రాన్ని ఒక జల్లెడగా మార్చాము. ఎంపీసీ, బైపీసీ, కోచింగు, ర్యాంకు! జల్లెడలో పైన నిలిచిన కొద్దిమందే శాస్త్రానికి హక్కుదారులు. కిందికి జారినవారికి, అంటే వెల్డింగు షాపులో పనిచేసే కుర్రవానికి, ఇల్లు నడిపే అమ్మాయికి, హిఫ్జ్ చేసి రేపు ఇమామ్ కాబోయే బాలునికి, దానితో పని లేదని తీర్మానించాము.

పని లేదా? ఈ నల్గొండ నేల మీద నిలబడి ఆ మాట అనగలమా?

మన సఫ్‌ల చివర కుర్చీలలో కూర్చుని నమాజు చేసే పెద్దలను చూడండి. అందరివీ వయసు తెచ్చిన నొప్పులు కావు. కొందరి వెన్ను సజ్దాకు వంగకపోవడానికి, మోకాళ్లు బిగుసుకుపోవడానికి కారణం వారు చిన్ననాట తాగిన బోరు నీరు, అందులోని ఫ్లోరైడు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడును ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు గట్టిపడి వంకరపోతాయి. మన దేశంలో ఈ వ్యాధి సంగతి 1937లో బయటపడింది, అది కూడా నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో. మేము ఇమామ్‌గా వచ్చిన తొలి సంవత్సరాలలో, నీరు మంచిది కాదని జనం వచ్చి చెప్పినప్పుడు, ఈ మింబర్ మీది నుంచే "నీటిని బాగా కాచి తాగండి" అని ఉపదేశించాము. కలరాకు అది సరైన మాట. ఫ్లోరైడుకు అది తప్పు. కాచినప్పుడు నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడు మిగులుతుంది. మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా ఉప్పునీరు మరిగించి చూసి తెలుసుకోగల విషయమిది. మాకు తెలియలేదు. మా మాట నమ్మి కట్టెలు కొని నీరు కాచినవారిలో కొందరు నేడు ఆ కుర్చీలలో ఉన్నారు. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని రూపొందించారు. ప్రపంచమంతటా దాని పేరు 'నల్గొండ పద్ధతి'. మన జిల్లా పేరు పెట్టుకున్న పద్ధతిని మన మక్తబ్ పిల్లలను అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. నేడు ఇళ్లకు నదీజలాలు వస్తున్నాయి, సంతోషమే. కానీ రేపు మరేదో నీటిలో, గాలిలో, మందులో వస్తుంది. అప్పుడు ఎవరి మాట వినాలో తేల్చుకోవలసినవారు డాక్టరు సీటు రాని ఆ మిగతా పిల్లలే.

మహాప్రవక్త (స) జీవితంలోని ఒక ఘట్టాన్ని జ్ఞాపకం చేసుకుందాము. హిజ్రీ 10వ సంవత్సరంలో వారి చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించాడు. అదే రోజు మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మరణానికి ఆకాశమే దుఃఖించిందని జనం అనుకోసాగారు. మరొక నాయకుడైతే ఆ మాటను అలాగే వదిలేసేవాడు. అది ఆయన గౌరవాన్ని పెంచే మాట కదా! కానీ ఆయన నమాజు చేయించి, జనం వైపు తిరిగి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి పుట్టుకకో చావుకో వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు. బిడ్డను మట్టిలో పెట్టిన రోజున, ఆ తండ్రి, తన ఘనతను పెంచే అబద్ధాన్ని సరిదిద్దారు. అదీ పండితుల సభలో కాదు, స్త్రీలూ పురుషులూ సామాన్యులూ గుమిగూడిన మస్జిద్‌లో.

ఇక ఇబ్ను సీనా, అల్ బీరూనీ పేర్లు చదివి, ఒకప్పుడు మనం ఎంతటివారమో అని మురిసి, ఇంటికి పోయి బిర్యానీ తినే అలవాటు మన ప్రసంగాలకు ఉంది. మేమూ అలాంటివి చేశాము. ఈరోజు ఒక్క పేరే చెబుతాము, అది కూడా మా ఉద్యోగానికి సంబంధించినది కాబట్టి. 14వ శతాబ్దంలో డమాస్కస్‌లోని ఉమయ్యద్ జామె మస్జిద్‌లో ఇబ్నుష్షాతిర్ అనే 'మువక్కిత్' ఉండేవారు. నమాజు వేళలు లెక్కకట్టడం ఆయన కొలువు. 1371లో ఆయన అక్కడి మినారు కోసం చలువరాతి నీడగడియారం చేశారు. గ్రహగతులకు ఆయన వేసిన నమూనాలు, తరువాతి కాలపు కోపర్నికస్ గణితంతో పోలి ఉండడం చూసి పరిశోధకులు ఆశ్చర్యపోయారు. ఆయన జీతం మస్జిద్ జీతమే. మన పట్టిక మాత్రం అచ్చయి వస్తుంది, మేకుకు తగిలిస్తాము.

కమిటీ పెద్దలతో సంప్రదించి నిర్ణయించిన సంగతులు ఇప్పుడు తెలియజేస్తున్నాము. జకాత్ సొమ్ము దానికి అర్హులైనవారికే చెందుతుంది కాబట్టి, ప్రయోగ సామగ్రికీ, కాలేజీకి వెళ్లే అమ్మాయిల బస్సు ఖర్చుకూ వేరుగా సదఖా పెట్టె పెడుతున్నాము. విశ్రాంత ఉపాధ్యాయుల వారు ప్రతి ఆదివారం అస్ర్ తరువాత మక్తబ్ గదిలో పాఠం చెబుతారు. హిఫ్జ్ విద్యార్థులు తప్పక రావాలి, మేమూ వారి పక్కనే కూర్చుంటాము. వీధిలోని ఇతర మతస్థుల పిల్లలకూ తలుపు తెరిచే ఉంటుంది. ఆ బాలిక తండ్రి ఇంకా ఒప్పుకోలేదు. ఆలోచిస్తానన్నారు. ఎదురుచూస్తున్నాము.

తొలి పాఠం మే 28న. ఆ రోజు మన గడియారంలో మధ్యాహ్నం 2:48కు సూర్యుడు మక్కాలో కాబా గృహానికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మస్జిద్ ప్రాంగణంలో నాలుగు అడుగుల కర్రను తూకపు దారంతో నిటారుగా నిలబెడతాము. నీడ సుమారు మూడు అడుగులు పడుతుంది. నీడ కొస నుంచి కర్ర మొదలు వైపు చూస్తే అదే కిబ్లా. మన ఊరికి అది పడమర నుంచి సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి ఉంటుంది. సఫ్ గీతలు ఒకటి రెండు డిగ్రీలు తేడా కనబడితే ఎవరూ కలవరపడవద్దు, ఇంతవరకు చేసిన నమాజులకు లోటు లేదు. పదో తరగతి త్రికోణమితి తెలిసిన పిల్లలు ఆ నీడ పొడవు నుంచి కోణం కట్టి, భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లని తీసుకుంటే, మన ప్రాంగణం నుంచి మక్కాకు ఎంత దూరమో ఆ కర్రతోనే చెప్పగలరు. సుమారు 4,150 కిలోమీటర్లు రావాలి. రాకపోతే తప్పు ఎక్కడ జరిగిందో వెదుకుదాము. మబ్బు పడితే ముందురోజు గానీ మరునాడు గానీ అదే వేళకు చేసినా పెద్ద తేడా రాదు. జుహ్ర్ ముగిశాక వెళ్లిపోకండి. పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, వెంట తీసుకురండి. కొలత టేపు, తూకపు దారం, సెకన్ల ముల్లున్న గడియారం ఉన్నవారు తెచ్చిపెట్టండి. 2:48 అని పిలిచే బాధ్యతను ఆ బాలికకే అప్పగించాము.