నాకేం వద్దు

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో, పదవీ విరమణ చేసిన ఒక అధికారిణి చేసిన ప్రసంగ పాఠం)

వెనక నుంచి సాంబారు వాసన వస్తోంది. నా హద్దు నాకు తెలుసు, ఎక్కువసేపు తీసుకోను.

నన్ను ఇంటి ఖర్చుల గురించి మాట్లాడమన్నారు. అందులో మనమెవరమూ సరిగ్గా లెక్క చూడని పద్దు ఒకటుంది. ఒకరికొకరం పెట్టుకునే కానుకలు. దాని గురించే చెబుతాను.

మీ ఇంట్లో బీరువా పై అర ఒకసారి గుర్తు చేసుకోండి. కుట్టించని రవికల గుడ్డలు ఎన్ని ఉన్నాయి? మా ఇంటికి ఒకసారి తాంబూలంలో ఆకుపచ్చ రవికల గుడ్డ వచ్చింది, మూల మీద చిన్న పసుపు మరకతో. దాన్ని నేను పక్క ఫ్లాటావిడకు పెట్టాను. రెండేళ్ళ తర్వాత శ్రావణమాసంలో అదే గుడ్డ, అదే మరకతో, ఇంకెవరి చేతి మీదుగానో మా ఇంటికే వచ్చింది. ఎంతమంది చేతులు మారిందో ఏ పాసుపుస్తకంలోనూ ఎంట్రీ పడలేదు. కుట్టించుకున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. గృహప్రవేశాలకు వచ్చే గోడ గడియారాల సంగతి చెప్పనే అక్కర్లేదు. మా ఇంటికి అయిదు వచ్చాయి. గోడలు నాలుగే.

ఈ నష్టాన్ని లెక్క కట్టినాయన ఒకరున్నారు. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అమెరికా ఆర్థికవేత్త. మీకు క్రిస్మస్‌కు వచ్చిన వస్తువులకు, మమకారం సంగతి పక్కన పెడితే, మీరైతే ఎంత ధర ఇస్తారని విద్యార్థులను అడిగి, 1993లో ఒక వ్యాసం రాశారు. ఇచ్చినవాళ్ళు పెట్టిన డబ్బులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా వృథా అని తేల్చారు. స్నేహితులు ఇచ్చిన వాటిలో నష్టం తక్కువ, దూరపు బంధువులు ఇచ్చిన వాటిలో ఎక్కువ. మన పెద్దలు దీనికి ఎప్పుడో మందు కనిపెట్టారు, నూట పదహార్లు చదివించడం. దూరపువాళ్ళకు అది చాలు. ఇంట్లోవాళ్ళకు కవరు చేతిలో పెట్టి ఊరుకోలేం కదా.

మరి ఇంట్లోవాళ్ళకు ఏం కావాలో మనకెలా తెలుస్తుంది? చెబితే తెలుస్తుంది. చెప్పరు.

మన సంప్రదాయంలో కోరిక చెప్పుకోవడానికి ఏకంగా ఒక మంచమే ఉంది. అలక పాన్పు. కొత్త అల్లుడు దాని మీద మూతి బిగించి కూర్చుంటాడు, అత్తగారూ మామగారూ ఏం కావాలి నాయనా అని బతిమాలుతారు. అల్లుడి తర్వాత, వేవిళ్ళతో ఉన్న కోడలిని ఏం తినాలనుందమ్మా అని అడుగుతారు. ఆ తర్వాత, నాకు తెలిసి, ఉరిశిక్ష పడ్డవాడిని అడుగుతారు. మధ్యలో ఉన్న మిగతావాళ్ళం 'నాకేం వద్దు' అనే జాబితాలోకి వస్తాం. అందరికంటే పైన అమ్మ ఉంటుంది.

మా అమ్మకు డెబ్బై అయిదేళ్ళు నిండినప్పుడు నేను ఒక జత బంగారు గాజులు చేయించాను. నా జీతంలో దాచి, నేనే డిజైను ఎంచి చేయించాను. అమ్మ సంతోషంగా వేసుకుంది, ఫొటోలు దిగింది, మర్నాడు తీసి డబ్బాలో పెట్టింది. ఆ డబ్బా ఇప్పుడు మన బ్యాంకు లాకరులోనే ఉంది. అద్దె నేనే కడుతున్నాను.

ఆ మరుసటి ఏడాది మా పిన్ని పోయింది. అమ్మకు ఒక్కతే చెల్లెలు. బాబాయిది రైల్వే ఉద్యోగం కావడంతో పెళ్ళయినప్పటి నుంచి ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయింది. అక్కడ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు లెండి, రైల్వే వల్ల వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు. ఆమె మోకాళ్ళ నొప్పులతో ఇటు రాలేదు, అమ్మ ఒంటరిగా అటు వెళ్ళలేదు. ఫోన్లలోనే పదకొండేళ్ళు గడిచిపోయాయి. కబురు వచ్చిన రోజు రాత్రి అమ్మ, 'ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది' అంది.

రాజమండ్రిలో సాయంత్రం హౌరా బండి ఎక్కితే తెల్లారేక దిగిపోతాం. గాజుల్లో ఒకదాని తరుగు డబ్బుతో ఇద్దరం వెళ్ళి రావచ్చు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. 'ఒక్క మాట అడగలేకపోయావా అమ్మా' అన్నాను.

'ఎప్పుడడగనే? మార్చిలో నీకు క్లోజింగు. సెప్టెంబరులో మళ్ళీ ఏదో లెక్కలంటావు. మధ్యలో ఆడిట్టు. నువ్వు ఇంటికొచ్చేదే రాత్రి తొమ్మిదింటికి' అంది.

నామీద ఫిర్యాదుగా అనలేదు. నా క్యాలెండరు నాకంటే బాగా గుర్తు పెట్టుకుంది, అంతే. ఈ హాల్లో ఉన్న అమ్మలూ అత్తగార్లూ అందరికీ ఆ క్యాలెండరు కంఠస్థమే అనుకుంటాను.

అమ్మను అని ఏం లాభం? మూడేళ్ళ క్రితం నేను రిటైరవుతుంటే శాఖలో పిల్లలు చందాలు వేసుకున్నారు. క్యాష్ కౌంటరులో కూర్చునే అమ్మాయి వచ్చి, 'మేడమ్, మొహమాటపడకుండా ఏం కావాలో చెప్పండి' అంది. నేనేమన్నాను? 'నాకెందుకమ్మా, ఏం వద్దు.' వెండిపూత వేసిన ఏనుగు వచ్చింది. తొండం మీద పూత ఇప్పటికే పోయింది. నాకు నిజంగా కావలసిందేమిటో నాకు తెలుసు. ముప్పై ఆరేళ్ళు సంతకాలూ చేతిరాతలూ చూసి బతికినదాన్ని. ఒక నోటు పుస్తకంలో తలా నాలుగు మాటలు వాళ్ళ సొంత చేతిరాతతో రాసిస్తే చాలనుకున్నాను. అనుకున్నాను గానీ పైకి అనలేదు. అడగందే అమ్మయినా పెట్టదని అందరికీ చెప్పే నాకే అడగడం రాలేదు.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. కావాలని అడగడం ఆశ కాదా? ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. అలక పాన్పు మీద కూర్చుని స్కూటరు అడిగినవాళ్ళనూ, అది ఇవ్వలేక అప్పు చేసిన మామగార్లనూ చూశాం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం పెళ్ళిలో ఎవరూ అడగకుండా ఇచ్చిన కానుకలకే మినహాయింపు ఉంది, వాటికి కూడా జాబితా రాసి ఉంచాలి. కాబట్టి బలం ఉన్నవాడు నోరు తెరిచి అడిగితే అది కోరిక కాదు, డిమాండు నోటీసు. ఎదుటివాళ్ళు 'ఇప్పుడు కుదరదు' అనగలిగితేనే అది కోరిక. నా లెక్క ప్రకారం ఇంట్లో మాట చెల్లేవాళ్ళు ముందు ఎదుటివాళ్ళను అడగాలి, మాట చెల్లనివాళ్ళు నోరు తెరిచి చెప్పాలి. తెలుగులో ప్రశ్నించడానికీ, కావాలనడానికీ 'అడగడం' అనే ఒకే మాట ఉంది. మనం రెండూ చేయడం మానేశాం.

2025 నవంబరు 1 నుంచి డిపాజిట్ ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. మనం పోయాక ఎవరికి ఇవ్వాలో చెప్పడానికి నాలుగు పేర్లకు చోటుంది. ఉండగా మనకేం కావాలని అడిగే కాలమ్ మాత్రం ఏ ఫారంలోనూ నేను చూడలేదు.

మా ఇంట్లో ఏడాదిగా మొదలుపెట్టాం. 'ఏం కావాలి' అని అడిగితే 'ఏం వద్దు' అనే జవాబే వస్తుంది, అది మన నోటికి అలవాటు. ఎవరిని చూడాలనుంది, ఇంట్లో ఏ పని నీకు భారంగా ఉంది అని అడిగితే జవాబు వేరేగా వస్తుంది. మావారికి నేను చెప్పిన కోరిక ఇది: పెళ్ళిరోజుకు చీర వద్దు, రాత్రి పూట గ్యాసు కట్టడం, తలుపులు చూడడం, పాలు తోడువేయడం ఏడాది పాటు మీదే. ఆయన మూడో వరుసలో కూర్చున్నారు. పెరుగు రెండుసార్లు తోడుకోలేదు. పథకం మాత్రం నడుస్తోంది.

వినడం కూడా అంత తేలిక కాదు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి, 'నిజం చెప్పమన్నావు కదా, ఆవకాయ పంపడం ఆపమ్మా, అత్తగారిది, నీది కలిపి ఫ్రిజ్‌లో ఆరు సీసాలున్నాయి' అన్నాడు. నా మనసు చివుక్కుమంది. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు కూడా. మూడో రోజు వాడే ఫోన్ చేసి, దానికి బదులు చిన్నప్పుడు చెప్పిన కథలు నా గొంతుతో రికార్డు చేసి పంపమన్నాడు, పిల్లకు తెలుగు చెవిన పడాలని. ఇప్పటికి తొమ్మిది పంపాను. మొదటి దాంట్లో కుక్కరు కూతలు కూడా ఉన్నాయి.

ఈ సంక్రాంతికి అమ్మను కూర్చోబెట్టి అడిగాను. ఎనభై మూడేళ్ళు. మూడుసార్లు ఏం వద్దంది. నాలుగోసారి కాస్త ఆగి, 'దాని ఇల్లు చూడాలనుందే. తులసికోట దగ్గర కూర్చుని మాట్లాడుతున్నానక్కా అనేది ఫోన్లో. ఆ కోట ఉందో లేదో' అంది.

బాబాయికి ఫోన్ చేశాను. ఉందిట. అరవై రోజుల ముందు రిజర్వేషను తెరుస్తారు కాబట్టి ఆ రోజు పొద్దున్నే కూర్చుని రెండు లోయర్ బెర్తులు తీసుకున్నాను. ప్రయాణం మార్చిలో.