ప్లాన్ కన్నా ముందు నేల

ఆర్కిటెక్టులై బయటికి వెళ్తున్న మీకు నా మనఃపూర్వక అభినందనలు.

మీ దగ్గరికి వచ్చే మొదటి క్లయింటు పెద్ద బిల్డరు కాకపోవచ్చు. మీ మేనమామో, పక్కింటి రిటైర్డు టీచరో అయ్యుంటారు. ‘రెండు వందల గజాలు కొన్నాం నాన్నా, తూర్పు ఫేసింగ్. మంచి ప్లాన్ గీసిపెట్టు’ అంటారు. వాళ్ల జీవితకాలపు పొదుపంతా ఆ మాటలో ఉంటుంది. వెంటనే పెన్సిలు అందుకోకండి. ముందు కాగితాలు అడగండి.

‘రిజిస్ట్రేషన్ అయింది, ఈసీ క్లియర్‌గా ఉంది’ అంటారు. ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనపడేవి ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలే. చెరువు కనపడదు. మాస్టర్ ప్లాన్‌లో రాబోయే రోడ్డు కనపడదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో శిఖం పట్టాలున్నాయి, అంటే చెరువు గర్భంలోని భూమికి ఇచ్చిన పట్టాలు. పట్టా నిజమైనదే, కానీ నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే తప్ప ఇల్లు కట్టుకోవడానికి కాదు. అలాంటి నేల ఎండాకాలంలో హద్దురాళ్లతో చక్కని లేఅవుట్‌లాగే ఉంటుంది. అందుకే గ్రామ నక్షా తెప్పించి సర్వే నంబరు పోల్చుకోండి. అలుగు ఎక్కడుందో ఊరి పెద్దలను అడగండి. చెరువు నిండి అలుగు పారడం మొదలైనప్పుడు నీళ్లు ఎంతవరకు ఉంటాయో అదే ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవల్. అక్కడితో అయిపోలేదు. 2012 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్లు బఫర్. అంటే దాదాపు వంద అడుగులు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న ప్లాటు మొత్తం అందులోనే పోవచ్చు.

అసైన్డ్ భూముల చట్టం, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితా మీకు తెలిసినవే, వాటినీ చూడండి. గోల్కొండ లాంటి రక్షిత కట్టడం దగ్గరైతే 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణమే కుదరదు.

ఇది లాయర్ల పని అని కొందరంటారు. నేను ఒప్పుకోను. లాయర్లు హక్కు చూస్తారు, సర్వేయర్లు హద్దు చూస్తారు. సెట్‌బ్యాకులు పోను ఆ నేల మీద ఎన్ని గదులు నిలుస్తాయో, అసలు నిలుస్తాయో లేదో అన్నీ కలిపి చూడాల్సింది మీరే. జేసీబీ గోడ కూలుస్తుంటే ఒక ఇల్లాలు సామాను వీధిలో పెట్టుకుని నిలబడటం నేను చూశాను. ఆ ఇంటి వంటగది కిటికీని ఎవరో ఎంతో శ్రద్ధగా గీసే ఉంటారు.

ఈ పరిశీలనకు విడిగా ఫీజు తీసుకోండి, తీరిగ్గా చేయండి. ఇంకొక్క మాట. ఇవాళ ఇంటికెళ్లాక బంధువులకు, స్నేహితులకు చెప్పండి: ప్లాటుకు అడ్వాన్సు ఇవ్వకముందే, బేరం నడుస్తుండగానే మిమ్మల్ని పిలవమని.