పులికాటు తీరమున పక్షుల పంచాంగము

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ ప్రసంగమునకు ముందు ఈ ప్రాంతపు పల్లెలు కొన్ని తిరిగి చూచి వచ్చినాము. ఒక ఊరిలో చెరువుకట్టపై కూర్చున్న వృద్ధ రైతు ఒకరు మమ్ము చూచి, “అయ్యా, సెలవులకు వచ్చేవాళ్ళు పిట్టల్ని చూసి పోతారు. మేమూ వాటిని చూస్తా కూర్చుంటే మడికి నీళ్ళెవరు పెడతారు?” అని అడిగినారు. ఆ ప్రశ్నకు అచ్చట తగిన సమాధానము చెప్పలేకపోతిమి. నేటి మా మాటలు చాలవరకు ఆయనకు బాకీపడిన సమాధానమే.

మన పూర్వులు ప్రళయకావేరి అని పిలిచిన పులికాటు సరస్సు మన దేశమున చిలకా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. దీనిలో అధిక భాగము మన రాష్ట్రమునను, దక్షిణపు కొస తమిళనాటను ఉన్నవి. సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగోడవలె నిలిచియున్నది. సూళ్ళూరుపేట నుండి ఆ దీవికి పోవు రోడ్డు సరస్సు నడుమగా సాగును. ఇరువైపుల నీరు, ఆ నీటిలో పక్షులు. దుర్భిణి లేనివారికి సహితము కనులపండువుగా నుండు దారి అది. ఇటు నేలపట్టు, అటు తూపిలిపాలెం సముద్రతీరము, దిగువన తడ సమీపముననున్న భీములవారిపాలెం పడవల రేవు — ఇవన్నియు నేడు సెలవు దినములలో పట్టణవాసులు వచ్చు స్థలములైనవి. 2001లో సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ ఆరంభమైనది. నడుమ కొన్ని సంవత్సరములు ఆగి, 2025 జనవరిలో అది తిరిగి జరిగినది.

పండుగ మూడు దినములది. పక్షుల సంవత్సరము మాత్రము పండ్రెండు మాసములది. ఈ తేడాను గుర్తింపకపోవుటవలననే చిక్కులు వచ్చుచున్నవి.

మన జిల్లా రైతునకు వలెనే పక్షికిని సంవత్సరము ఈశాన్య ఋతుపవనములతో ఆరంభమగును. చిత్త, స్వాతి కార్తెల వానలకు చెరువులు నిండును. సూళ్ళూరుపేటకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, దొరవారిసత్రం మండలముననున్న నేలపట్టు చెరువులో నీటి కడప చెట్లు మొదలంట మునిగి నిలుచును. ఆ చెట్లపై గూళ్ళు కట్టుటకు గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు, స్వాతికొంగలు దిగును. 1976లో ప్రభుత్వము ఈ చెరువును, పరిసర భూములను పక్షుల రక్షిత కేంద్రముగా ప్రకటించినది. దాని విస్తీర్ణము సుమారు 459 హెక్టార్లు.

సరిగా ఈ సమయముననే సరస్సులోనికి దూరదేశపు అతిథులును వచ్చును. సైబీరియా, మధ్య ఆసియా ప్రాంతముల నీరు గడ్డకట్టుటకు ముందే బయలుదేరి, హిమాలయములను దాటి వచ్చు సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, బురదలో ముక్కు గ్రుచ్చి పురుగులను ఏరుకొను ఉల్లంకులు వీనిలో ముఖ్యమైనవి. ఇవి మన దేశమున గ్రుడ్లు పెట్టవు. చలికాలము గడుపుకొని, మార్చి, ఏప్రిల్ మాసములకు తిరుగుముఖము పట్టును. కావున మన తీరమున రెండు తెగల పక్షులున్నవని సభ్యులు గుర్తుంచుకొనవలెను: ఒకటి తిండికి వచ్చునది, రెండవది కాన్పునకు వచ్చునది. మొదటిదానికి సరస్సు ఆధారము. రెండవదానికి చెరువు, చెట్టు, ఆ రెండింటిని కాపాడు ఊరు ఆధారము.

ఫ్లెమింగోల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. వీనిని ఈ తీరవాసులు సముద్ర రామచిలుకలందురు. పత్రికలవారు రాజహంసలని వ్రాయుదురు. మాకు మీ పేరే బాగున్నదని తోచినది. నాలుగైదడుగుల ఎత్తున నిలిచి, పొడవైన మెడ వంచి, ముక్కును తలక్రిందులుగా నీటిలోనుంచి, జల్లెడ పట్టినట్లు నీటిని వడగట్టి, నాచును, సన్నని రొయ్య జాతి జీవులను ఇవి తినును. ఆ తిండిలోని వర్ణద్రవ్యమే వీని రెక్కలకు గులాబి రంగునిచ్చును. పిల్లలు బూడిద రంగున నుండును. ఇవి ఇచ్చట గ్రుడ్లు పెట్టవు. మన దేశమున వీనికి పేరుపొందిన పుట్టినిల్లు కచ్ఛపు రణ్ ప్రాంతము. మరియొక విషయము: ఇవి కాళ్ళు ఆను లోతులోనే మేయగలవు. వానలు విస్తారముగా కురిసి సరస్సు పొంగిన యేడు, నీరు తగ్గువరకు ఇవి మన రోడ్డు ప్రక్కకు రావు. పండుగనాడు పక్షులు కనబడలేదని సందర్శకులు ఊరివారిని నిష్ఠూరమాడిన ఉదంతములను మేము విన్నాము. అందులో ఊరివారి తప్పు లేదు, పక్షి తప్పును లేదు. తేదీ మనము పెట్టుకొన్నది.

ఇక గూడబాతు. ఈ సమావేశమునకు ముఖ్యమైనది ఇదే. దీని గ్రుడ్డు పొదుగుటకు సుమారు 30 దినములు పట్టును. పిల్ల పుట్టిన తరువాత మూడు మొదలు ఐదు మాసములు గూటిలోనో, గూటి సమీపముననో ఉండును. సభ్యులు వ్రేళ్ళపై లెక్కించి చూడుడు. నవంబరు చివర పెట్టిన గ్రుడ్డు డిసెంబరు చివర పిల్ల యగును. ఆ పిల్ల త్వరపడినను మార్చి చివరకు గాని ఎగురలేదు. ఆలస్యమైన పిల్ల మే మాసము వరకు అచ్చటనే ఉండును.

ఈ లెక్కలో రెండు అపాయములు దాగియున్నవి.

మొదటిది జనవరిలో వచ్చును. అప్పుడు గూళ్ళలో ఈక మొలవని పిల్లలుండును. తల్లిపక్షి రెక్క నీడ లేనిచో ఎండకు తాళలేవు. కాకి, గ్రద్ద కనిపెట్టుకొనియుండును. సంక్రాంతి సెలవులకు, పండుగకు వచ్చినవారు గూళ్ళ దగ్గరకు పోయి కేకలు వేసినను, మోటారు హారన్లు మ్రోగించినను, తల్లిపక్షులు గుంపుగా లేచిపోవును. చూచువారికి అది వేడుక. ఎగిరిన గుంపును ఫోటో తీయుటకు చప్పట్లు చరచినవారిని మేము కన్నులార చూచితిమి. పట్టణములలో చదువుకొన్నవారే. వారిని అచ్చట వారించినది, పశువులను తోలుకొనిపోవుచున్న ఒక బాలుడు.

రెండవ అపాయము ఫిబ్రవరి, మార్చి మాసములలో వచ్చును. ఇది మన ఊళ్ళలోనే పుట్టును. వరికి ఆఖరి తడి కావలసినది అప్పుడే. ఆయకట్టు రైతు తూము తీయుమనును. చేపల పాట పాడినవారు నీరు తగ్గినగాని వల సాగదందురు. వారిరువురిది న్యాయమైన మాటయే. అయితే చెట్టు క్రింద నీరు కోట చుట్టునుండు అగడ్త వంటిది. అది ఉన్నంతకాలము నక్క, కుక్క, అడవిపిల్లి గూళ్ళున్న చెట్టు దగ్గరకు చేరలేవు. అగడ్త ఎండిన మరునాటి నుండి క్రింద పడిన ప్రతి పిల్లయు వాటి పాలగును. నేలపట్టు రక్షిత కేంద్రమున అటవీ శాఖవారి కాపలా ఉన్నది. గూళ్ళున్న చెట్లు గల ఇతర గ్రామముల చెరువులలో మీరే కాపలా.

దీనికి మార్గమేమి? మాకు తోచినది చెప్పుచున్నాము. చెరువులో గూళ్ళ చెట్లున్న చోట ఒక గుర్తురాయి నాటవలెను. పిల్లలు ఎగురువరకు నీరు ఆ గుర్తునకు దిగువకు పోకుండ చూచుకొనవలెను. ఇది పంచాయతీ ఒక్కటే చేయగల పని కాదు. నీటి వినియోగదారుల సంఘము, నీటిపారుదల అధికారులు, ఆయకట్టు రైతులు కలిసి గ్రామసభలో ఒప్పుకొనవలెను. అది కూడ నారుమడి పోయుటకు ముందే జరుగవలెను. ఫిబ్రవరిలో ఎండుచున్న చేను ప్రక్క నిలిచి గూడబాతును గురించి చెప్పినచో ఏ రైతు వినును? వానలకు ముందు చెప్పినచో, త్వరగా కోతకు వచ్చు వంగడము వేసికొనుటకు, నాట్లు ముందుకు జరుపుకొనుటకు ఆయనకు వ్యవధి ఉండును. చేపల పాట షరతులలో కూడ ఈ గుర్తురాయిని ముందుగానే వ్రాసినచో పాటదారు ఆ లెక్కతోనే పాడును; తరువాత తగవుండదు.

“గూడబాతు చేపలు తినివేయుచున్నది గదా” యని కొందరు సభ్యులు లోగడ అడిగియున్నారు. తినును. లేదని మేము చెప్పము. అయితే గూళ్ళ క్రింది నీటిలో పడు రెట్ట మంచి ఎరువు. ఆ నీరు పారిన పొలమునకు బలము వచ్చునని నేలపట్టు ప్రాంత రైతులు ఎరుగుదురు. లాభనష్టములు సరిపోవునా యన్నది ఒక్కొక్క చెరువును బట్టి యుండును. సందర్శకులవలన గ్రామమునకు ధనము వచ్చునని గొప్పగా చెప్పుటకును మాకు మనసొప్పదు. నేటివరకు ఆ ధనము చాలవరకు పట్టణములోని హోటళ్ళకే చేరుచున్నది. ఊరి వెలుపల బండ్లు నిలుపు స్థలమొకటి ఏర్పరచి పంచాయతీ రుసుము తీసికొనినచో కొంత గ్రామమునకు మిగులును, హారన్ల మ్రోత గూళ్ళకు దూరమగును.

ఈ పక్షి ఎల్లకాలము మన దగ్గరనే ఉండునను ధైర్యము వలదు. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామమున గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్ళు కట్టియుండుట చూచి లోకమునకు తెలిపినాడు. ఊరివారి చెట్లపైననే ఆ గూళ్ళు. నేడు అచ్చట అవి లేవు. పక్షి అలిగి వెడలిన ఊరికి దానిని మరల పిలుచుకొనివచ్చు ఉపాయము ఎవరికిని తెలియదు. ఇందుకు భిన్నముగా శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురమున చింతచెట్లపై గూళ్ళు కట్టు పక్షులను ఊరివారు కాన్పునకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుకొందురు. గుంటూరు సమీపమున ఉప్పలపాడు చెరువులోని చెట్లు నేటికిని గూళ్ళతో నిండియున్నవి. తమిళనాట శివగంగ జిల్లాలోని కొల్లుకుడిపట్టి గ్రామస్థులు, పక్షులు బెదరునని, దీపావళికి టపాకాయలు కాల్చుట మానుకొన్నారు. పిల్లలున్న ఊరిలో ఇది చిన్న త్యాగము కాదు.

ఏప్రిల్, మే మాసములలో సరస్సు ఉత్తర భాగము చాలవరకు ఎండి, తెల్లని ఉప్పునేల బయటపడును. సెలవులకు వచ్చువారు అప్పుడు సముద్ర స్నానములకే వత్తురు గాని పక్షులకై రారు. కాని తీతువు పిట్ట గ్రుడ్లు పెట్టునది ఈ ఎండలలోనే. గూడు కట్టదు, నేలపై గులకరాళ్ళ నడుమ గ్రుడ్లుంచును. వాటి రంగు మట్టిలో కలిసిపోవును. దారి తప్పి ఎండిన నేలపై నడిపిన ఒక్క మోటారు సైకిలు చాలును వాటిని చిదుముటకు. ఆషాఢ, శ్రావణములలో ఈ తీరమున చెప్పుకొనదగిన సందడి లేదు. లకుముకి పిట్ట, కొంగ, నీటికాకి మన ఊరివే గనుక ఉండును. ఫ్లెమింగోలు కొన్ని పోక నిలిచియుండుటయు కలదు.

సరస్సు మొగల మాట కూడ ఒకటి చెప్పవలెను. తూపిలిపాలెం, రాయదొరువు, పులికాటు వద్దనున్న మొగల ద్వారా సముద్రపు నీరు సరస్సులోనికి వచ్చి పోవుచుండవలెను. తీరము వెంబడి కొట్టుకొనివచ్చు ఇసుక వానిని పూడ్చుచుండును. మొగ పూడినచో చేప తగ్గును, రొయ్య తగ్గును. మత్స్యకారుని వలతోబాటు పక్షి ముక్కును ఖాళీయగును. ఇది పంచాయతీల శక్తికి మించిన పని. అయినను మొగ ఏ మాసమున మూతపడినది, ఎన్నాళ్ళకు తెరచుకొన్నది అను వివరము తీర గ్రామముల పంచాయతీలు ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, అర్జీలు పెట్టుకొనునపుడు బలము చేకూరును.

ఆ పుస్తకముననే పక్షుల రాకపోకలను కూడ వ్రాయుడు. మొదటి గూడబాతు దిగిన దినము, మొదటి పిల్ల కనబడిన దినము, చివరి పిల్ల ఎగిరిన దినము. బడి పిల్లలు ఈ పని సంతోషముగా చేయుదురు. కాలికి కడియము వేసిన పక్షి దొరికినచో దానిపై అంకెను వ్రాసికొని అటవీ శాఖవారికి తెలుపుడు. శాస్త్రజ్ఞులు పక్షుల దారిని తెలిసికొనుటకు వేసిన గుర్తు అది. పక్షులను వేటాడుటయే గాక, గ్రుడ్లు తీయుట, గూళ్ళు చెరచుట కూడ 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము నేరమని దండోరా వేయించుడు.

చెరువుకట్టపై మమ్ము అడిగిన రైతు మాట మరువలేదు. ఆయన చేతికి దుర్భిణి ఇచ్చి పిట్టలను చూచుచు కూర్చుండుమని మేము చెప్పము. ఆయన మడికి నీరు పెట్టుకొనవలసినదే. ఎంత పెట్టవలెను, ఏ నాటికి ఆపవలెను అన్నదే మాట. అది ఆయనయు కూర్చున్న గ్రామసభలోనే తేలవలెను. గుర్తురాయి ఎచ్చట నాటవలెనో చూచుటకు వేసవిలో చెరువు అడుగంటిన సమయమే అనువైనది. ఏ చెట్టు మొదలు ఎంత పల్లములో నున్నదో అప్పుడు కంటికి కనబడును. పూడిక తీయు పనివారు ఆ చెట్ల మొదళ్ళను త్రవ్వకుండ, కొమ్మలను వంటచెరకునకు నరకకుండ, రోహిణి కార్తెలోపుననే సభ్యులొకరు దగ్గరనుండి చూచుకొనవలెను.