ఆన్‌లైన్‌లో కొన్న బ్రష్షులు, రంగులు ఒరిజినలేనా? ఇంట్లోనే చెక్ చేద్దాం

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు బొమ్మలు వేసే పిల్లలు చాలామందే ఉన్నారు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసేవాళ్లు, హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో ఫైన్ ఆర్ట్స్ సీటు కోసం ప్రిపేర్ అయ్యేవాళ్లు. ఇక్కడ బుక్‌స్టాల్‌కి పోతే స్కూల్ సామాన్లు దొరుకుతాయి. అంతకు మించి కావాలంటే హైదరాబాద్ బస్సెక్కాలి, లేదంటే ఫోన్‌లో ఆర్డర్ పెట్టాలి. ఫోనే ఈజీ కదా. అందుకే కామెంట్లలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే: "అన్నా, నాకొచ్చింది ఒరిజినలేనా?"

ముందు ఒక మాట క్లియర్‌గా చెప్పుకుందాం. చవక రకం వేరు, నకిలీ వేరు. 'టచ్' అనేది కొరియాలోని షిన్‌హాన్ కంపెనీ మార్కర్. ఆ పేరు పక్కన ఏదో ఒక మాట తగిలించి చవక మార్కర్ల సెట్లు బోలెడు అమ్ముతున్నారు. చవకవని తెలిసే కొంటే ఇబ్బంది లేదు, ప్రాక్టీసుకి నడుస్తాయి. అదే సరుకు మీద అసలు కంపెనీ పేరే వేసి, అసలు రేటుకి కొంచెం తక్కువలో అంటగడితే అది మోసం. రేటు సగానికి సగం తగ్గితే ఎవరికైనా డౌట్ వస్తది. పది శాతం తగ్గిస్తే ఎవరికీ రాదు. కాబట్టి ఒక్క రేటు చూసి తేల్చలేం.

ఆర్డర్ పెట్టేముందు అమ్మేది ఎవరో చూడండి. యాప్ అనేది అంగడి లాంటిది, అందులో దుకాణాలు వేరేవాళ్లవి. సెల్లర్ పేరు మీద నొక్కితే అతను ఇంకేం అమ్ముతున్నాడో కనిపిస్తది. ఫోన్ కవర్లు, కూరగాయల కట్టర్లు, మధ్యలో జర్మనీ పెన్సిళ్లు ఉన్నాయంటే నేనైతే కొనను. రివ్యూలు వేలల్లో ఉన్నాయని కూడా మురిసిపోవద్దు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాడిగా చెప్తున్నా, ఒకే పేజీ కింద రకరకాల వస్తువుల్ని వేరియంట్లుగా కలిపేస్తే వాటన్నిటి రివ్యూలూ ఒకే కుప్పలో పడతాయి. కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, ఒక్క స్టార్ ఇచ్చి ఫొటో పెట్టినవాళ్లని చదవండి.

పార్సిల్ వచ్చినప్పుడు లేబుల్ నుంచి డబ్బా విప్పేదాకా ఎక్కడా కట్ చేయకుండా వీడియో తీయండి. తర్వాత ప్యాక్ మీద అక్షరాలు చదవండి. లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, 2011 ప్రకారం తయారుచేసినవాళ్ల పేరు, అడ్రస్, ఎంఆర్‌పీ, నెల, సంవత్సరం, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలి. బయటి దేశం సరుకైతే దిగుమతి చేసినవాళ్ల అడ్రస్, ఏ దేశంలో తయారైందో కూడా ఉండాలి. ఇవేవీ లేని 'ఇంపోర్టెడ్' డబ్బాని అనుమానించాల్సిందే. అట్లని ఫేబర్ కాస్టెల్ మీద 'మేడ్ ఇన్ ఇండియా' అని ఉంటే కంగారు పడొద్దు. వాళ్లకి గోవాలో ఫ్యాక్టరీ ఉంది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన టెస్ట్. వాటర్ కలర్ పేపర్ మీద '300 జీఎస్ఎం' అని రాస్తారు కదా. అంటే చదరపు మీటరు కాగితం 300 గ్రాములు తూగాలి. ఏ4 షీటు అందులో పదహారో వంతు. అంటే ఒక్కో షీటు 18.75 గ్రాములు, 12 షీట్లు 225 గ్రాములు. అట్ట తీసేసి, షీట్లు మాత్రం కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టండి. (మిర్యాలగూడ తమ్ముళ్లూ, రైస్ మిల్లు వేబ్రిడ్జి అక్కర్లేదు.) తేమ వల్ల కొన్ని గ్రాములు అటూ ఇటూ అవుతది. కానీ 150 చూపిస్తే మీకు అమ్మింది 200 జీఎస్ఎం. ఇక వాదన ఉండదు, కాటా ఫొటో తీసి రిటర్న్ పెట్టడమే.

పెన్సిల్ అయితే చెక్కి, మొన వైపు నుంచి చూడండి. నల్ల ముల్లు సరిగ్గా మధ్యలో ఉండాలి. పక్కకి జరిగితే చెక్కిన ప్రతిసారీ విరుగుతది. 2బీ, 6బీ, 8బీ పక్కపక్కన రుద్ది చూడండి, మూడూ ఒకే నలుపు వస్తే ఆ అంకెలు ఉత్తి ప్రింటింగే.

రంగుల ట్యూబు మీద చిన్న కోడ్ ఉంటది. అల్ట్రామెరీన్ నీలం అయితే పీబీ 29, టైటానియం తెలుపు అయితే పీడబ్ల్యూ 6. కంపెనీ వెబ్‌సైట్‌లో అదే ట్యూబుకి ఏ కోడ్ ఉందో పోల్చండి. తర్వాత కాగితం మీద గీత గీసి, సగం నల్ల కాగితంతో కప్పి, నెల రోజులు ఎండ తగిలే కిటికీకి అంటించండి. రెండు సగాలూ ఒకేలా ఉన్నాయంటే రంగు నిలబడే రకమే. మన పిల్లలమర్రి గుడిలో కాకతీయుల కాలం నాటి రంగుల ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి, మనం కొన్నది కనీసం ఎగ్జిబిషన్ అయ్యేదాకా అన్నా ఉండాలి కదా!

బ్రష్షుల దగ్గర మాత్రం కథ తిరగబడుతది. 'క్యామెల్ హెయిర్' అనే బ్రష్షులో ఒంటె వెంట్రుక ఉండదు, ఉడుత లాంటి వేరే జంతువులది వాడతారు. అది పాత వాడుక పేరు, మోసం కాదు. అసలు సమస్య 'ఒరిజినల్ నేచురల్ హెయిర్' పేరుతో వచ్చే ముంగిస వెంట్రుకల బ్రష్షు. వెంట్రుక మీద లేతా ముదురు పట్టీలు కనిపిస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దాన్ని అమ్మడం, కొనడం నేరం. 3 నుంచి 7 ఏళ్ల జైలు పడొచ్చు. 2019 అక్టోబర్‌లో వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' పేరుతో చాలా రాష్ట్రాల్లో దాడులు చేస్తే, తయారైన బ్రష్షులు కాక 113 కిలోల ముడి వెంట్రుకలే దొరికాయి. కిలోకి కనీసం 50 ముంగిసలు చావాలి. అంటే 5,650. పొలం గట్టు మీద మన కళ్ల ముందు తిరిగే జీవి అది.

అందుకే బ్రష్షు విషయంలో నైలాన్‌దే అడిగి కొనండి. డౌట్ ఉంటే ఒక్క పోగు లాగి అంటించండి. నైలాన్ అయితే కరిగి గట్టి పూసలా అవుతది. జంతువు వెంట్రుక అయితే జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద రాలుతది. బ్రష్షుని నీళ్లలో ముంచి విదిలిస్తే మొన సూదిలా కూడాలి, అదొక్కటి చాలు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లయితే వెదురు పుల్లకి ఉన్ని చుట్టి, దారం కట్టి కలం వాళ్లే చేసుకుంటారు. దానికి బ్రాండూ లేదు, డూప్లికేటూ లేదు.

నకిలీ వచ్చి, రిటర్న్ కుదరదంటే ఊరుకోవద్దు. ఈ-కామర్స్ రూల్స్, 2020 ప్రకారం నకిలీ సరుకుని వెనక్కి తీసుకోనని సెల్లర్ అనడానికి లేదు. యాప్‌లోనే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు ఉంటది, ఆయనకి రాయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే 1915కి ఫోన్ చేయండి, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. అక్కడా కాకపోతే మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, సెల్లర్ ఢిల్లీలో ఉన్నా సరే. 5 లక్షల లోపు కొన్న వస్తువుకి ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. బిల్లు, అన్‌బాక్సింగ్ వీడియో, కాటా ఫొటో ఈ మూడూ డిలీట్ చేయకండి.

డ్రాయింగ్ ట్యాబ్లెట్ల గురించి చాలామంది అడిగారు, అది వచ్చే వీడియోలో. ఈలోపు మీ పేపర్ ఎన్ని గ్రాములు తూగిందో కామెంట్‌లో పెట్టండి. ఉంటా మరి.