వైద్యుని నడవడి – రోగి నమ్మకము
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)

  

వైద్యుడు వ్రాసిన చీటీని చదువగల రోగులు అరుదు. వైద్యుని ముఖమును చదువలేని రోగి యొక్కడును లేడు.

ఈ సంగతిని ప్రాచీనులు చక్కగా నెఱిగియుండిరి. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పదవ యధ్యాయము వైద్యవృత్తిలో ప్రవేశింపబోవు వానిని గూర్చినది. అతడు గోళ్లు, వెండ్రుకలు కురుచగా కత్తిరించుకొని, శుచియై, తెల్లని వస్త్రములు ధరించి, ఆడంబరములేని వేషముతో, ప్రసన్నమైన మనస్సుతో, మంచిమాట పలుకుచు, ఎల్లప్రాణులకు బంధువువలె మెలగవలెనని యందు విధింపబడినది. గొడుగును, చేతికఱ్ఱను, పాదరక్షలను సైతము మఱవలేదు.

నేటి పరిశోధనయు దీనినే బలపఱచుచున్నది. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగిన 120 మందిని గూర్చిన యధ్యయనము 2012లో వెలువడినది. వైద్యుడు కొందఱి మంచముకడ నిలుచుండియు, కొందఱికడ కూర్చుండియు మాటాడెను. నిలుచున్నప్పుడు సగటున 1 నిమిషము 28 సెకండ్లుండగా, రోగులు 3 నిమిషముల 44 సెకండ్లనుకొనిరి. కూర్చున్నప్పుడు ఉన్నది 1 నిమిషము 4 సెకండ్లే. రోగులకు 5 నిమిషముల 14 సెకండ్లుగా తోచెను. ఇందు వింతయేమి? గుమ్మములో నిలిచి పలుకరించు చుట్టము పోవుటకే సిద్ధమైనట్లుండును. చాపపై కూర్చున్నవాడు మన మాట వినుటకు వచ్చినవాడు.

దీనివలన చికిత్సయే మాఱును. డబ్బులేక రక్తపోటు మాత్రలు మానివేసిన కూలివానిని తలంచుకొనుడు. వైద్యుని చూపు కాగితము మీదనో, కంప్యూటరు మీదనో నిలిచియున్నచో, అతడు "తగ్గలేదండీ" యని యూరకుండును. మందు చాలలేదని తలచి వైద్యుడు మోతాదు పెంచును. అదే వైద్యుడు తలయెత్తి చూచి, ఒక్కక్షణ మాగినచో, నిజము చెప్పుటకు కూలివానికి నోరు వచ్చును.

అయితే చిఱునవ్వును జూచి విద్యను నిర్ణయింపరాదు. నవ్వుచు నాడి పట్టి తప్పుమందిచ్చువాడును గలడు; ముఖము ముడుచుకొని ప్రాణము నిలుపువాడును గలడు. సుశ్రుతసంహితలోని క్రమము గమనింపదగినది. శాస్త్రమభ్యసించుట, చికిత్సను కన్నులార చూచుట, స్వయముగా సాధన చేయుట, రాజానుజ్ఞ పొందుట – ఇవి ముందు. తెల్లబట్టయు, తియ్యని మాటయు తరువాత. కపటము కూడదనియు నచ్చటనే చెప్పబడినది. నేడు రాజానుజ్ఞకు మాఱుగా వైద్యమండలి నమోదు కలదు. ఆ సంఖ్యను వైద్యశాలలోను, మందుచీటీపైనను చూపవలెనని 2002 నాటి నిబంధనలు చెప్పుచున్నవి.

కావున వైద్యుడు కూర్చుండి వినుగాక. రోగి దాపరికము లేక చెప్పుగాక. ముఖమును చదువుట అందఱికిని పుట్టుకతో వచ్చిన విద్య. చీటీపై సంఖ్యను చదువుట ఈ గ్రంథాలయమువంటివి నేర్పిన విద్య. రెండును కలిసిననాడే రోగికి మేలు.

స్వస్తి.