చప్పుడు లేని బండిని మనవాళ్లు నమ్ముతారా?

(కోయంబత్తూరు మిల్లు కార్మికుల నెలసరి సమావేశంలో సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు గురించి, బదిలీ కార్మికుల గురించి ఇంతసేపూ మాట్లాడుకున్నాం. మిగిలిన కాస్త సమయంలో ఇంకొక సంగతి మీ ముందు పెడతాను. మన బండ్ల స్టాండులో కరెంటు స్కూటర్లు కొన్ని కనబడుతున్నాయి. కానీ ఏళ్ల తరబడి బుల్లెట్టో, యెజ్డీయో, స్ప్లెండరో నడిపిన మనిషి మాత్రం కరెంటు మోటారు సైకిలు వైపు తలతిప్పి చూడటం లేదు. చూస్తాడా, చూడడా అని టీ కొట్టు దగ్గర రోజూ వాదనలే. వాదన సరదాదే కావచ్చు. కానీ బండి కొనేది మన జీతంతో, కట్టేది మన వాయిదాలు. అందుకని సంఘం కూడా ఒక మాట చెప్పాలి.

"చప్పుడు లేకపోతే బండికి ప్రాణం ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది?" అంటారు పెద్దలు. కంపెనీలు కూడా సమస్య అంతా చప్పుడులోనే ఉందనుకున్నాయి. 2019లో మన దేశంలో వచ్చిన రివోల్ట్ ఆర్‌వీ 400 బండికి స్పీకరు పెట్టి ఇంజను శబ్దం వినిపించే ఏర్పాటు చేశారు. పాలు లేని పిల్లకు పీక ఇచ్చినట్లయింది. అదే ఏడాది అమెరికాలో హార్లే డేవిడ్సన్ వాళ్లు లైవ్‌వైర్ అనే కరెంటు బండి తెచ్చారు. ధర దాదాపు 30 వేల డాలర్లు. తర్వాత ఆ పేరుతో వేరే సంస్థే నడిపారు. అయినా 2024లో ఏడాది పొడుగునా వెయ్యి బండ్లు కూడా అమ్ముడుపోలేదు. బుల్లెట్టు కంపెనీ వాళ్లు 2024 నవంబరులో ఇటలీలోని మిలాన్ నగరంలో ఫ్లయింగ్ ఫ్లీ అనే కరెంటు బండిని చూపించారు. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్లతో దించిన తేలికపాటి బండి పేరే దానికి పెట్టారు. పాత పేరు, పాత రూపం చూపిస్తే పాత మనుషులు వస్తారని వాళ్ల ఆశ.

నా లెక్క వేరు. పాత రైడరు ప్రేమించేది చప్పుడును కాదు, ఆ చప్పుడు చెప్పే కబురును. రింగ్ ఫ్రేము దగ్గర ఇరవై ఏళ్లు నిలబడ్డవాడికి బేరింగు అరిగిందని ఎవరూ చెప్పనక్కర్లేదు, చెవే చెబుతుంది. బండి కూడా అంతే. టాపెట్లు వదులైనా, చైను సాగినా శబ్దాన్ని బట్టి పట్టేస్తాడు. ఆదివారం పొద్దున విప్పుతాడు, తుడుస్తాడు, బిగిస్తాడు. బండి తన చేతిలో ఉందన్న ధైర్యమే అతని ప్రేమ.

దీనికి సాక్ష్యం మన ఊళ్లోనే ఉంది. కలంగల్‌లో తెలుగు ఇంట పుట్టిన జి.డి. నాయుడు గారు కుర్రతనంలో ఒక దొర రడ్జ్ మోటారు సైకిలు మీద పోవడం చూశాడు. హోటల్లో పనిచేసి, డబ్బు కూడబెట్టి ఆ బండి కొన్నాడు. కొన్నాక చేసిన మొదటి పని దాన్ని ముక్క ముక్కగా విప్పి మళ్లీ బిగించడం. ఆ మనిషే 1937లో బాలసుందరం నాయుడు గారితో కలిసి మన దేశపు తొలి కరెంటు మోటారును ఇదే ఊళ్లో తయారుచేశాడు. ఆయన యజమాని కూడా అయ్యాడు, ఆ సంగతి వేరు. మోటారు సైకిలు మీద మోజు, కరెంటు మోటారు మీద మోజు ఒకే మనిషిలో ఇమిడాయన్నది గమనించండి.

కాబట్టి కరెంటు మోటారు మనకు పరాయిది కాదు. 1930లలో పైకారా విద్యుత్తు వచ్చాకనే ఇక్కడ ఇన్ని మిల్లులు లేచాయి. పంపు మోటారుకు కాయిలు కట్టే కొట్టు ఈ ఊళ్లో ఏ వీధిలో లేదు? బండిలో మోటారుకు కూడా పెద్ద జబ్బులు ఉండవు. క్లచ్చు, కార్బురేటరు, ఆయిలు మార్పు బాధ లేదు. కదిలీ కదలకముందే పూర్తి బలంతో లాగుతుంది. ఒక్కసారి నడిపితే పెద్దవాళ్లే ముక్కున వేలేసుకుంటారు.

ఖర్చు చూడండి. 80 కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లు, యూనిటు 7 రూపాయలు అనుకుంటే 25 రూపాయల లోపే. లీటరుకు 55 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు బండికి, లీటరు 100 అనుకున్నా, 145 రూపాయలు అవుతుంది. అయితే కొనే ధర ఎక్కువ. కేంద్రం ఇచ్చే సబ్సిడీ 2023 జూన్‌లో తగ్గింది. 350 సీసీ లోపు పెట్రోలు బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి దిగింది. దాంతో పెట్రోలు బండి ఇంకా చవకయింది.

మరి మనవాడు ఎందుకు జంకుతున్నాడు? బ్యాటరీ పెట్టె మూత తీయకూడదు. కంట్రోలరు పోతే వీధి మెకానిక్ చేతులెత్తేస్తాడు, కంపెనీ వాడి కంప్యూటరు కావాలి. రేపు విడిభాగాలు దొరక్కపోతే బండి పాత ఇనుమే, వాయిదాలు మాత్రం ఆగవు. ఇంకొక భయం ఉంది. 2022 మార్చిలో వెల్లూరులో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటరు అంటుకొని తండ్రీ కూతుళ్లు చనిపోయారు. ఆ ఏడాది ఇలాంటి ప్రమాదాలు కొన్ని జరిగాక ప్రభుత్వం బ్యాటరీ పరీక్షలు కఠినం చేసింది. అయినా ఒకే గది ఇంట్లో, పిల్లలు పడుకున్న చోట చార్జింగ్ పెట్టమని నేను ఎవరికీ చెప్పలేను.

అందుచేత కొనండి అని గాని, కొనవద్దు అని గాని సంఘం చెప్పదు. కొనేవాడు సంతకం పెట్టేముందు మూడు విషయాలు అడగాలి. బ్యాటరీకి ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు గ్యారంటీ? అది కాగితం మీద ఉందా? ఈ ఊళ్లో విప్పి బాగుచేసేవాడు ఉన్నాడా?

యాజమాన్యం ముందు పెట్టవలసినవి రెండు. ఒకటి, మిల్లు బండ్ల స్టాండులో గాలి ఆడే చోట, వేరే మీటరుతో చార్జింగ్ పాయింట్లు. వాడుకున్న యూనిట్లకు డబ్బు మనమే కడదాం, ధర్మం అడగడం లేదు. ఎనిమిది గంటల షిఫ్టులో బండి నిండుతుంది, ఇంట్లో భయం తప్పుతుంది. రెండు, మన ఎలక్ట్రీషియన్లకు, మన వీధి మెకానిక్కుల పిల్లలకు ఈ బండ్ల పని నేర్పే తరగతులకు మిల్లు స్థలం ఇవ్వాలి. ఇంజను పని పోయిననాడు వాళ్ల కడుపు కొట్టకూడదు.

కంపెనీల వాళ్లకు కూడా ఒక మాట. మా పెద్దవాళ్లకు దొంగ చప్పుడు వినిపించకండి. తాళం తీసి లోపల ఏముందో చూపించండి, స్పానరు చేతికివ్వండి. తన చేత్తో బాగుచేసుకోగల బండిని మిల్లు కార్మికుడు ఏనాడూ కాదనలేదు.

ఈ రెండు కోరికల మీద చేతులెత్తి మీ అభిప్రాయం చెప్పండి. మెజారిటీ ఒప్పుకుంటే వచ్చే చర్చల్లో మన కోరికల పత్రంలో చేర్చుదాం.